మచ్చ ముందా, మూర్ఛ ముందా

1825లో పారిస్‌లో అచ్చయిన ఒక వైద్య వ్యాసం దగ్గర ఈ చిక్కుముడి మొదలవుతుంది. రాసింది ఇద్దరు వైద్యులు. ఆసుపత్రిలో చనిపోయిన మూర్ఛరోగుల మెదళ్ళు కోసి చూశారు. వాళ్ళు తేల్చుకోవాలనుకున్నది మూర్ఛకూ ఉన్మాదానికీ ఉన్న సంబంధం. ఆ పనిలో ఇంకొకటి కంటబడింది. కొన్ని మెదళ్ళలో కణత లోపలి వైపున్న ఒక చిన్న భాగం మామూలుగా లేదు. కొందరిలో గట్టిపడింది, కొందరిలో మెత్తబడింది.

ఈ సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వాలి? ప్రాణులన్నీ కణాలతో కట్టినవన్న సిద్ధాంతం 1838–39 నాటిది. అంటే నాడీకణాల గురించి ఆలోచించే వీలు ఆ ఇద్దరికీ ఇంకా లేదు. వాళ్ళ పనిముట్లు కన్ను, కత్తి, వేలు. ‘గట్టిగా ఉంది’ అని రాశారంటే వేలికి అలా తగిలిందని అర్థం. కాబట్టి ఆ వ్యాసం నుంచి ఒక్క మాటే తీసుకోవచ్చు. మూర్ఛరోగుల్లో కొందరికి ఆ చోట తేడా ఉంది. ఎందుకు వచ్చిందన్నది ఆ వ్యాసాన్ని పట్టుకుని చెప్పలేం.

ఆ చోటు పేరు హిప్పోకాంపస్. కాస్త అటూ ఇటూగా చిటికెన వేలంత ఉంటుంది, మెదడులో చెరో పక్కన ఒకటి. దాని వంపును పాతవాళ్ళు పొట్టేలు కొమ్ముతో పోల్చారు. పొట్టేలు కొమ్ములున్న ఈజిప్టు దేవుడి పేరు మీద అమ్మోన్ కొమ్ము అన్నారు. అడ్డంగా కోస్తే రెండు కొక్కేలు ఒకదానిలో ఒకటి తగిలించినట్లు కనిపిస్తుంది. లోపలి కొక్కెం డెంటేట్ గైరస్. అందులో గ్రాన్యూల్ కణాలు ఆవాలు పోసినట్లు ఒత్తుగా ఉంటాయి. బయటి కొక్కెంలో పిరమిడ్ ఆకారపు పెద్ద కణాలు ఉంటాయి. వాటి వరుసను సీఏ3, సీఏ2, సీఏ1 అని భాగాలు చేశారు. లోపలి కొక్కెం నోట్లో ఉన్న ప్రాంతం హైలస్. సీఏ1 దాటగానే వచ్చేది సబిక్యులం. ఈ చివరి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. సంకేతం ముందు గ్రాన్యూల్ కణాలకు అందుతుంది. అక్కడి నుంచి సీఏ3కి, తర్వాత సీఏ1కి, ఆపైన సబిక్యులం మీదుగా బయటికి పోతుంది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు నీరు అందినట్లు. అలుగులు అదుపులో ఉన్నంతకాలం అంతా సవ్యం. ఫిట్స్ అంటే అన్ని అలుగులూ ఒకేసారి తెగిపారడం.

1880లో జర్మన్ భాషలో ఒకే ఏడాది రెండు వ్యాసాలు వచ్చాయి. మొదటి రచయిత 90 కేసుల వివరాలు పోగేశాడు. పోయిన కణాలు ఎక్కువగా ఒకే ముక్కలో ఉన్నాయని చూపించాడు. అదే నేటి సీఏ1. ఆ ముక్కను ఇప్పటికీ ఆయన పేరుతో పిలుస్తారు. మూర్ఛకు కారణం కణాలు పోయి పడిన ఈ మచ్చేనని ఆయన తేల్చాడు. రెండో రచయిత ఫిట్స్ మధ్యలో ప్రాణం పోయినవాళ్ళ మెదళ్ళలో తాజా గాయాలు చూశాడు. ఫిట్ వచ్చినప్పుడు రక్తప్రసారమో కణాల పోషణో చెడి అక్కడ కణాలు చచ్చిపోయాయని, అంటే మచ్చ మూర్ఛ ఫలితమని రాశాడు. మచ్చ ఒకటే, ఏడాది ఒకటే, తీర్పులు రెండు. చెట్టు ముందా విత్తు ముందా అన్న తగువు అక్కడ పడింది.

ఇద్దరిలో ఎవరి మాట నిలుస్తుంది? 1880 నాటి సాక్ష్యంతో ఎవరిదీ నిలవదు. ఇద్దరి దగ్గరా ఉన్నవి శవపరీక్షలే. శవపరీక్ష ఆఖరి రోజు ఎలా ఉందో చెబుతుంది. మొదటి ఫిట్ నాటికి ఆ మెదడు ఎలా ఉందో చెప్పదు.

1899లో ఇంకో జర్మన్ వైద్యుడు చేసిన వర్ణన దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ఆయన పోయిన కణాలతో పాటు మిగిలిన కణాలనూ రాసిపెట్టాడు. సీఏ1 దాదాపు ఖాళీ. సీఏ2 చాలావరకు నిలిచింది. గ్రాన్యూల్ కణాలు నష్టపోయినా మరీ అంత కాదు. సీఏ1 అంచున, గీత గీసినట్లు, ఆరోగ్యంగా కనిపించే సబిక్యులం మొదలవుతుంది. ఆ సరిహద్దు అంత పదునుగా ఎందుకుందో వివరించడానికి తర్వాతివాళ్ళు చాలా శ్రమపడ్డారు. ఆ గీతకు అవతలి వైపు ఏం జరుగుతోందన్న ప్రశ్న మాత్రం వందేళ్ళ దాకా ముందుకు రాలేదు.

మొదటి తప్పుదారి రక్తనాళాలది. 1920ల్లో మ్యూనిక్‌లో ఒక వాదన బలపడింది. ఫిట్ వచ్చినప్పుడు రక్తనాళాలు బిగుసుకుంటాయి, సీఏ1కి రక్తం అందదు, కణాలు చచ్చిపోతాయి. చదివితే నమ్మకంగానే ఉంటుంది. 1930ల్లో ఆపరేషన్ బల్ల మీద మెదడును చూసినవాళ్ళూ, రక్త ప్రవాహాన్ని కొలిచినవాళ్ళూ దీనికి ఎదురు సాక్ష్యం తెచ్చారు. ఫిట్ నడుస్తున్నప్పుడు మెదడుకు రక్తం తగ్గడం లేదు, పెరుగుతోంది. ఇంకొక చిక్కూ ఉంది. చాలామందిలో మచ్చ ఒక పక్కే కనిపిస్తోంది. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్‌లో ఊపిరి అందక జరిగిన నష్టమైతే రెండు పక్కలా సమానంగా ఉండాలి.

రెండో తప్పుదారి కాన్పు గదిది. 1953లో మాంట్రియల్ నుంచి వచ్చిన వ్యాసం ప్రకారం, ప్రసవ సమయంలో శిశువు తల నలిగి, హిప్పోకాంపస్ తన పక్కనున్న గట్టి పొర అంచు మీదుగా జారుతుంది. అక్కడి రక్తనాళాలు నొక్కుకుపోయి మచ్చ పడుతుంది. ఒక పక్కే మచ్చ ఎందుకన్న ప్రశ్నకు ఇందులో జవాబు దొరుకుతుంది. నేనూ మొదట దీనివైపే మొగ్గాను. కానీ 1950లు, 60ల్లో లండన్‌లో ఒక శస్త్రవైద్యుడు కణత భాగాన్ని ముక్కలు చేయకుండా ఒకే ముద్దగా తీయడం మొదలుపెట్టాడు. మైక్రోస్కోపు కింద మొత్తం చూడగలిగారు. 100 మంది రోగుల వరుసలో దాదాపు సగం మందికి ఈ మచ్చ ఉంది. వాళ్ళ చరిత్రలు తిరగేస్తే మళ్ళీ మళ్ళీ ఎదురైనది కష్టమైన కాన్పు కాదు. పసితనంలో జ్వరంతో వచ్చిన దీర్ఘమైన ఫిట్.

అయితే జ్వరం ఫిట్సే కారణమా? ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ళ నుంచి వెనక్కి నడిస్తే ప్రతి పాత జ్వరమూ నేరస్థుడిలాగే కనిపిస్తుంది. ముందుకు నడిస్తే బొమ్మ మారుతుంది. 1976లో అమెరికాలో అచ్చయిన అధ్యయనం జ్వరంతో ఫిట్స్ వచ్చిన 1,706 మంది పిల్లలను ఏడేళ్ళ వయసు దాకా గమనించింది. వాళ్ళలో మూర్ఛవ్యాధి వచ్చింది నూటికి సుమారు ఇద్దరికి. పిల్లవాడికి జ్వరంలో ఒకసారి ఫిట్ వచ్చిందని రాత్రంతా నిద్రపోని తల్లిదండ్రులు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. ఆ అంకె వాళ్ళకు తెలియాలి. తేడా చేసేది ఫిట్ ఎంతసేపు నడిచిందన్నది. అమెరికాలోనే 2014లో వెలువడిన ఇంకో అధ్యయనం అరగంటా అంతకు మించీ సాగిన జ్వరపు ఫిట్స్‌ను తీసుకుంది. పిల్లలకు మూడు రోజుల్లోపు ఎంఆర్‌ఐ తీశారు. కొద్దిమందిలో హిప్పోకాంపస్ వాచి మెరిసింది. ఏడాది తర్వాత మళ్ళీ తీస్తే అలా మెరిసినవాళ్ళలో ఎక్కువమందికి అక్కడ మచ్చ ఉంది. మెరవనివాళ్ళలో దాదాపు ఎవరికీ లేదు. మచ్చ ఏ రోజు పుట్టిందో బతికున్న మెదడులో నమోదైంది.

ఊపిరి అందకపోవడం చేసే నష్టాన్నీ, అదుపు తప్పిన విద్యుత్తు చేసే నష్టాన్నీ విడదీసినవి 1973 నాటి బబూన్ కోతుల ప్రయోగాలు. మందిచ్చి గంటల తరబడి ఫిట్ నడిపించారు. కొన్నిటికి కండరాలు కదలకుండా మందిచ్చి, యంత్రంతో ఊపిరి పోశారు. ఒళ్ళు కొట్టుకోలేదు, ఆక్సిజన్ తగ్గలేదు, ఒళ్ళు వేడెక్కలేదు. మెదడులో విద్యుత్తు తుపాను మాత్రం సాగింది. వీటిలో చిన్నమెదడు నష్టం నుంచి తప్పించుకుంది. హిప్పోకాంపస్ తప్పించుకోలేదు. 1983లో ఎలుకల మీద ఇంకా సూటిగా చేశారు. మత్తులో ఉంచి, హిప్పోకాంపస్‌లోకి వచ్చే నాడీ మార్గాన్ని ఒక పక్కనే విద్యుత్తుతో గంటల తరబడి పొడిచారు. ఎలుక కదలలేదు. పొడిచిన పక్కనే హైలస్ కణాలు చచ్చిపోయాయి. ఒక పక్క మచ్చకు కాన్పు గది అవసరం లేదని తేలింది. మన దగ్గర ఫిట్ వచ్చినవాళ్ళ చేతిలో తాళాల గుత్తి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఈ ప్రయోగాలు చదివాక నాకు అనిపించేది ఒకటే. ఆ క్షణంలో చూడవలసింది గడియారం. ఐదు నిమిషాలు దాటిందంటే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మనిషిలో ఇది ఎలా జరుగుతుందో చూపిన సాక్ష్యం కెనడా తీరం నుంచి వచ్చింది. దానికి ముందు జపాన్ వెళ్ళాలి. అక్కడ ఏలికపాములకు సముద్రపు నాచు మందుగా వాడేవారు. రెండు రకాల నాచుల నుంచి రెండు పదార్థాలు వేరుచేశారు. ఒకటి కైనిక్ ఆమ్లం, రెండోది డొమోయిక్ ఆమ్లం. మెదడులో ఉత్తేజాన్ని మోసే గ్లూటమేట్‌కు రెండూ దగ్గరి చుట్టాలు. 1978 నాటికి కైనిక్ ఆమ్లంతో ఎలుకల్లో హిప్పోకాంపస్‌ను దెబ్బతీయవచ్చని తేలింది. ఇది విషం పనా, ఫిట్స్ పనా? పారిస్‌లో దాన్ని హిప్పోకాంపస్‌లో కాకుండా దానికి దూరంగా ఎక్కించి చూశారు. హిప్పోకాంపస్ కణాలు అప్పుడూ చచ్చిపోయాయి. ఫిట్స్‌ను అణిచే డయాజిపామ్ ముందుగా ఇస్తే ఆ దూరపు నష్టం తగ్గింది.

1987 చివర్లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపపు మసెల్స్ తిన్న వందమందికి పైగా జబ్బుపడ్డారు. మసెల్స్ అంటే నల్లటి ఆల్చిప్పలు. వాంతులు, అయోమయం, కొందరికి ఫిట్స్. కొందరు చనిపోయారు. బతికినవాళ్ళలో కొందరికి కొత్త జ్ఞాపకాలు నిలవడం మానేశాయి. ఆ నీళ్ళలో పెరిగిన డయాటమ్ అనే సూక్ష్మ నాచు డొమోయిక్ ఆమ్లం తయారుచేసింది, ఆల్చిప్పలు దాన్ని పోగేసుకున్నాయి. వాళ్ళలో 84 ఏళ్ళ వృద్ధుడొకరు. స్పృహ తప్పి, ఫిట్స్ వచ్చి, మెల్లగా కోలుకున్నాడు. ఫిట్స్ ఆగిపోయాయి. దాదాపు ఏడాది తర్వాత మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి తిన్నదేమీ లేదు. కణత భాగం నుంచి పుట్టే మూర్ఛ అది. విషం తిన్న మూడేళ్ళకు పైగా గడిచాక న్యుమోనియాతో చనిపోయాడు. పోస్ట్‌మార్టంలో రెండు హిప్పోకాంపస్‌లూ మచ్చపడి ఉన్నాయి. పైన చెప్పుకున్న శవపరీక్షల్లో లేనిది ఇందులో ఉంది. దెబ్బ తగిలిన తేదీ.

దెబ్బ మచ్చ తెచ్చింది, మచ్చ తర్వాత మూర్ఛ వచ్చింది. అంటే 1880 నాటి రెండు తీర్పులూ చెరి సగం నిజమా? అలా తేల్చేస్తే ఆ మధ్యలోని ఏడాది లెక్కలో రాదు. చచ్చిన కణాలు మొదట్లోనే చచ్చాయి. మచ్చే మూర్ఛకు చాలినదైతే ఫిట్స్ వెంటనే కొనసాగాలి. ఎలుకల్లోనూ ఇలాంటి నిశ్శబ్దం కనబడుతుంది, అక్కడ రోజులో వారాలో. ఆ నిశ్శబ్దంలో ఏదో మారుతోంది. చచ్చిన కణాలు మారవు కాబట్టి మారుతున్నవి బతికినవే.

దీనికి దొరికిన మొదటి జవాబు కంటికి కనిపించే జవాబు. గ్రాన్యూల్ కణాలు సీఏ3కి పంపే పోగుల్ని మోసీ ఫైబర్లు అంటారు, నాచు పట్టిన తీగల్లా ఉంటాయని. వాటి కొసల్లో జింకు ఎక్కువ. 1958 నాటి ఒక రంగుపద్ధతి ఆ జింకును పట్టిస్తుంది. మెదడును సల్ఫైడ్ ద్రవంలో ఉంచుతారు. పలుచగా కోసిన ముక్కను చీకటి గదిలో వెండి లవణం కలిపిన ద్రావణంలో ముంచుతారు, పాత ఫొటో స్టూడియోలో ఫిల్మ్ కడిగినట్లే. జింకు ఉన్నచోట వెండి పేరుకుని నల్లబడుతుంది. మామూలు ముక్కలో హైలస్ నల్లగా ఉంటుంది, సీఏ3 వెంట ఒక నల్ల చార ఉంటుంది. గ్రాన్యూల్ కణాలకు అవతలి వైపు పొర తేలికగా, లేత పసుపులో మిగులుతుంది. మూర్ఛ వచ్చిన ఎలుక ముక్కలో ఆ లేత పొర మీద నల్లటి పట్టీ. 1989లో ఆపరేషన్‌లో తీసిన మనుషుల హిప్పోకాంపస్‌లోనూ అదే పట్టీ కనిపించింది. పోగులు వెనక్కి తిరిగి, తమ కణాల వరుసనే దాటి, సాటి గ్రాన్యూల్ కణాల కొమ్మల మీదే వాలాయి. ఆ కొమ్మల మీద అంతకుముందు ఉన్నవి హైలస్ నుంచి వచ్చిన తీగలు. హైలస్ కణాలు చచ్చాక ఆ చోటు ఖాళీ అయింది. కింది చెరువుకు పోవలసిన కాలువ పై చెరువులోకే తిరిగిందన్నమాట. ఒక కణం కదిలితే చుట్టూ ఉన్నవి కదులుతాయి, అవి మళ్ళీ దాన్నే కదిలిస్తాయి.

చిక్కుముడి విడిపోయిందని అప్పట్లో చాలామంది రాశారు. విడిపోలేదు. 1997లో పోగుల పెరుగుదలను మందుతో ఆపిన ఎలుకలకు ఫిట్స్ మామూలుగానే వచ్చాయి. 2011లో చుంచెలుకల మీద రాపమైసిన్‌తో ఇదే పరీక్ష చేశారు. ఈస్టర్ ద్వీపపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసిన మందు అది. నల్ల పట్టీ బాగా తగ్గింది. ఫిట్స్ ఎన్నిసార్లు వస్తున్నాయన్న లెక్క తగ్గలేదు. వేరే ప్రయోగాల్లో అదే మందు ఫిట్స్‌ను తగ్గించిన మాటా నిజమే. కానీ పట్టీ తగ్గడమూ ఫిట్స్ తగ్గడమూ జంటగా నడవలేదు. నల్ల పట్టీ మారిన మెదడుకు గుర్తు. ఫిట్స్ దానివల్లే వస్తున్నాయని దాన్ని ఒక్కదాన్నే చూపించి చెప్పలేం.

రెండో జవాబు కాపలా కణాలది. గ్రాన్యూల్ కణాలను అణచి ఉంచే బాస్కెట్ కణాలు చావలేదు, కానీ వాటిని లేపే హైలస్ కణాలు చచ్చాయి, అందుకని కాపలా నిద్రలో ఉందని 1987లో ప్రతిపాదించారు. తర్వాతి కొలతల్లో బాస్కెట్ కణాలు పూర్తిగా నిద్రపోతున్నట్లు తేలలేదు. అయినా ఆ ప్రతిపాదనలో ఒక ముక్క నిలిచింది. 2018లో చుంచెలుకల్లో మిగిలిన హైలస్ కణాలను కాంతితో లేపితే, మెదడులో మొదలైన ఫిట్ ఒళ్ళంతా పాకడం తగ్గింది. మూడో జవాబు కొత్తగా పుట్టే గ్రాన్యూల్ కణాలది. ఎలుకల్లో ఫిట్స్ తర్వాత ఇవి ఎక్కువగా పుడతాయని, కొన్ని దారి తప్పి హైలస్‌లో స్థిరపడతాయని 1997 నుంచి నమోదైంది. పెద్దవయసు మనుషుల్లో అసలు అలాంటి కణాలు పుడతాయా అన్నదాని మీదే 2018లో పరస్పర విరుద్ధమైన వ్యాసాలు వచ్చాయి. కాబట్టి మనిషి కేసులో ఈ సాక్ష్యాన్ని పక్కన పెట్టాను.

ఆపరేషన్ ఫలితాలు ఈ తగువు తీర్చవా? 2001లో కెనడాలోనే 80 మంది రోగులను చెరి సగంగా చీటీ వేసి విడదీశారు. ఆపరేషన్ వంతు వచ్చినవాళ్ళలో 58 శాతం మందికి ఏడాది చివరికి స్పృహ తప్పించే ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్నవాళ్ళలో 8 శాతం. ఫిట్స్ దారి ఈ ప్రాంతం మీదుగానే పోతోందని దీంతో ఖాయమైంది. కానీ శస్త్రవైద్యుడు తీసే ముద్దలో సీఏ1 మచ్చా ఉంటుంది, డెంటేట్ గైరసూ ఉంటుంది, వాటి పక్కన సబిక్యులమూ ఉంటుంది. ఫిట్స్ ఏ ముక్క పోవడంవల్ల ఆగాయో ఆ అంకెలో లేదు.

2002లో పారిస్ నుంచే వచ్చిన వ్యాసం ఆ ముక్కల్ని విడివిడిగా అడిగింది. ఆపరేషన్‌లో తీసిన హిప్పోకాంపస్‌ను పలుచని ముక్కలుగా కోసి, ఉప్పునీటి ద్రవంలో బతికించి, చోటు చోటునా ఎలక్ట్రోడ్ ఆనించి విన్నారు. ఎవరూ కదిలించకుండానే ఒక చోటు నుంచి విద్యుత్ పోట్లు వస్తున్నాయి. రోగికి ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య ఈఈజీలో కనిపించే పోట్ల లాంటివే. అవి వస్తున్నది సబిక్యులం నుంచి. అక్కడి పిరమిడ్ కణాల్లో కొన్నిటికి గాబా తిరగబడింది. గాబా మామూలుగా కణాన్ని అణిచే రసాయనం. అది తలుపు తీస్తే క్లోరైడ్ లోపలికి వచ్చి కణం శాంతిస్తుంది. ఈ కణాల్లో క్లోరైడ్ ముందే పేరుకుపోయి ఉంది. తలుపు తీస్తే బయటికి పోతోంది, కణం రేగుతోంది. క్లోరైడ్‌ను తోడిపోసే కేసీసీ2 అనే పంపు ఈ కణాల్లో కరువైందని 2007లో అదే నగరం నుంచి వచ్చిన వ్యాసం చూపింది. ఈ పోట్లు ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య వచ్చేవి. పూర్తి ఫిట్‌ను పుట్టించాలంటే ఆ ముక్క ఉన్న ద్రవాన్ని మార్చవలసి వచ్చింది. అందుకే దీన్ని కూడా మొత్తం జవాబుగా రాయడం లేదు.

సబిక్యులానికి సంకేతాలు పంపేది సీఏ1. ఆ సీఏ1 చచ్చిపోయింది. సబిక్యులం బతికింది, పై చెరువు నుంచి నీరు రాని ఆయకట్టులా. 1899 వర్ణనను మళ్ళీ తీసి చూశాను. ఖాళీ అయిన సీఏ1, పదునైన గీత, గీతకు అవతల చెక్కుచెదరని కణాల వరుస. పారిస్‌లో ఎలక్ట్రోడ్ పెట్టి పోట్లు విన్నది ఆ వరుసలోనే.